మొగం చూసి మోసపోవద్దు: ఎముకల్ని బట్టి ఆడా మగా తేల్చే పద్ధతి

మా తిరుపతిలో ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రాక్టికల్ పరీక్ష. బల్ల మీద ఒక తుంటి ఎముక, ఒక పుర్రె, ఒక తొడ ఎముక. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. కూర్చోగానే చెయ్యి నేరుగా పుర్రె మీదికి పోతుంది. "ఆడమనిషిది మేడమ్." ఎందుకయ్యా అంటే, "చిన్నగా ఉంది మేడమ్." అంతే. మార్కులు అక్కడే జారిపోతాయి.

ఏళ్ళ తరబడి ఇది చూసి చూసి, మా దగ్గర ఎముకల పెట్టెలు సర్దే పెద్దాయన ఒకరోజు నవ్వేశాడు. "వీళ్ళ యవ్వారం మొగం చూసి సమ్మంధం కుదుర్చుకునే మాదిరి ఉండాదమ్మా" అన్నాడు. నేను గంటసేపు చెప్పే పాఠం ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. పుర్రె మనల్ని ఆకట్టుకుంటుంది, ఎందుకంటే అందులో మనకు ముఖం కనిపిస్తుంది. ఆడా మగా తేడా గట్టిగా చెప్పే ఎముక మాత్రం తుంటి. అది చూడటానికి ఏమంత అందంగా ఉండదు, ఎటు పట్టుకోవాలో కూడా మొదట్లో అర్థం కాదు.

ఎంబీబీఎస్ పిల్లలకు, యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివేవాళ్ళకు, ఊరికే తెలుసుకోవాలనుకునే పాఠకులకు కూడా పనికొచ్చేలా, బల్ల ముందు కూర్చుని నేను చేసే వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

తెల్ల గుడ్డ ఒకటి, వెర్నియర్ కాలిపర్, టేపు, కోణమాని, ఒక మూర దారం, పుర్రె దొర్లిపోకుండా చిన్న ఇసుక మూట. భూతద్దం ఉంటే మంచిదే. వీటన్నిటికంటే ముఖ్యమైనది కాగితం, పెన్ను. ఏ గుర్తు చూస్తే ఆ గుర్తు అప్పుడే రాసేయాలి. చివర్లో గుర్తు తెచ్చుకుని రాస్తే మనసు అప్పటికే ఒక వైపు మొగ్గి ఉంటుంది, చూసినవన్నీ ఆ వైపుకే లాగుతుంది.

ఎముకల సంగతి. మా రోజుల్లో హాస్టల్ మంచం కింద గోనెసంచిలో సగం బోన్‌సెట్ ఉండేది, సీనియర్ల దగ్గర కొన్నది. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు ఎక్కువగా మన దేశం నుంచే, అదీ కలకత్తా మీదుగా వెళ్ళేవి. ఇప్పుడు పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ నమూనాలు కనిపిస్తున్నాయి. పేర్లు నేర్చుకోవడానికి అవి చాలు. ఆడా మగా నేర్చుకోవడానికి చాలవు. ఒకే అచ్చులో పోసిన వంద తుంటి ఎముకలు చూసినా, చూసింది ఒక్క మనిషినే.

మొదటి అడుగు: అది మనిషిదేనా?

నవ్వకండి. ఎముకలు దొరికాయని తెచ్చే మూటల్లో మేకవి, పశువులవి కలిసి వస్తుంటాయి. శేషాచలం అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. చర్మం, గోళ్ళు పోయిన ఎలుగుబంటి పాదం ఎముకలు మనిషి చేతిని, పాదాన్ని ఎంతలా పోలి ఉంటాయంటే అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు. తుంటి ఎముక దొరికితే గొడవే లేదు. మనం రెండు కాళ్ళ మీద నిలబడతాం కాబట్టి మన తుంటి పైభాగం పొట్టిగా, వెడల్పుగా, పళ్ళెం అంచులా విచ్చుకుని ఉంటుంది. నాలుగు కాళ్ళ జంతువులో అదే ఎముక సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

రెండో అడుగు: పెద్దవాళ్ళదేనా?

ఈ ప్రశ్న దాటవేసి ముందుకెళ్తే మిగతా అడుగులన్నీ వృథా. తుంటి ఎముకలో ఆడా మగా తేడాలు గట్టిపడేది యుక్తవయసులో, హార్మోన్ల ప్రభావంతో. ఎనిమిదేళ్ళ పాప తుంటి, ఎనిమిదేళ్ళ బాబు తుంటి పక్కపక్కన పెడితే కంటితో చూసి నమ్మకంగా చెప్పగలిగింది ఏమీ ఉండదు.

ఎట్లా తెలుసుకోవాలి? తొడ ఎముక తల కొమ్మకు అతుక్కుందా, మధ్యలో గీత కనిపిస్తోందా చూడండి. తుంటి ఎముక పుట్టుకతో మూడు ముక్కలు. చెయ్యి నడుము మీద పెట్టుకుంటే తగిలే ఇలియం, కూర్చుంటే నేలకు ఆనే ఇస్కియం, ముందు వైపు పొత్తికడుపు కింద ఉండే ప్యూబిస్. ఈ మూడూ తొడ ఎముక తల కూర్చునే గుంట దగ్గర కలుస్తాయి, యుక్తవయసు వచ్చే ఏళ్ళలో ఒకటైపోతాయి. ఆ గుంటలో ఇంకా మూడు పాయల చీలిక కనిపిస్తే, "చిన్న వయసు, కంటి చూపుతో లింగం చెప్పలేం" అని రాసి అక్కడే ఆగండి. అలా ఆగడం తెలిసిన విద్యార్థికి నేను మార్కు ఎక్కువే వేస్తాను.

మూడో అడుగు: పరచడం

తెల్ల గుడ్డ మీద మనిషి వెల్లకిలా పడుకున్నట్టు ఎముకల్ని పరవండి. కుడి ఎడమలు సరిచూడండి. రెండు కుడి తొడ ఎముకలు తేలాయంటే ఇద్దరు మనుషులున్నట్టే, అప్పుడు ఈ పుర్రె ఎవరిది, ఈ తుంటి ఎవరిది అన్నది వేరే లెక్క. పెద్దవాళ్ళలో మొత్తం 206 ఎముకలు, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా. అన్నీ దొరకడం అరుదు. ఉన్నవాటితోనే పని.

నాలుగో అడుగు: తుంటి. ఇక్కడ తొందరపడొద్దు

ఈ ఎముక ఎందుకింత మాట్లాడుతుందో ముందు తెలిస్తే గుర్తులు బట్టీ పట్టే పనుండదు. రెండు తుంటి ఎముకలూ వెనక త్రికంతో, అంటే వెన్నెముక అడుగు ఎముకతో, కలిసి ఒక వలయం. ఆడవాళ్ళలో ఆ వలయం గుండా బిడ్డ తల బయటికి రావాలి. కాబట్టి దారి వెడల్పు కావాలి. ఆ వెడల్పు ప్రధానంగా ముందు వైపు, ప్యూబిస్ పొడవు పెరగడం వల్ల వస్తుంది. కింద మీరు చూడబోయే గుర్తుల్లో సగం ఈ ఒక్క సంగతికి పిల్లలే. 1948లో అమెరికా ఆంత్రోపాలజిస్టు వాష్‌బర్న్ ప్యూబిస్ పొడవును ఇస్కియం పొడవుతో పోల్చి సూచిక తయారు చేసింది కూడా ఇందుకే.

ముందు వేళ్ళతో చేసే పరీక్ష. రెండు తుంటి ఎముకల్నీ ముందు వైపు కలిపి పట్టుకోండి. ఆ కలయిక కింద ఒక కోణం ఏర్పడుతుంది. మీ చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి అందులో పెట్టండి. సరిగ్గా ఇమిడిపోతే మగ లక్షణం. వేళ్ళ పక్కన ఖాళీ మిగిలి, బొటనవేలు చూపుడు వేలు బాగా చాపితే గాని నిండకపోతే ఆడ లక్షణం. కోణమానితో కొలిస్తే మగవాళ్ళలో 50–60 డిగ్రీల చుట్టూ, ఆడవాళ్ళలో 80–90 చుట్టూ తేలుతుంది. మధ్యలో పడేవాళ్ళూ ఉంటారు.

ఒక్క తుంటి ఎముకే ఉంటే ఈ కోణం కొలవలేం. అప్పుడు 1969లో ఫెనీస్ అనే ఆంత్రోపాలజిస్టు చెప్పిన మూడు గుర్తులు చూడాలి. నా దృష్టిలో మొత్తం అస్థిపంజరంలో ఇంతకంటే విలువైన జాగా లేదు, అది రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు.

ఒకటి, ప్యూబిస్ ముందు ముఖాన్ని మీ వైపు తిప్పుకోండి. పైనుంచి కిందికి ఏటవాలుగా ఒక సన్నని గట్టు వచ్చి, లోపలి కింది మూలను చిన్న త్రికోణంగా వేరు చేస్తోందా? చేస్తుంటే ఆడ. చూపుకు అందకపోతే కళ్ళు మూసుకుని బొటనవేలితో తడమండి, పొలం గట్టు పాదానికి తెలిసినట్టు తెలుస్తుంది. రెండు, ఎముకను వెనక్కి తిప్పండి. కలయిక ముఖానికి కాస్త కింద, ఇస్కియం వైపు దిగే కమ్మీ అంచు లోపలికి వంపు తిరిగి ఉంటే ఆడ. తిన్నగా ఉన్నా, బయటికి ఉబ్బినా మగ. మూడు, అదే కమ్మీని లోపలి పక్క నుంచి, అంటే అంచు మీకు ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. సన్నగా, వాదరలా ఉంటే ఆడ. వెడల్పుగా, చదునుగా ఉంటే మగ.

మూడింట్లో మొదటిది గట్టిది, మూడోది కొంచెం బలహీనం. మూడూ ఒకే మాట చెప్తే ముందుకెళ్ళొచ్చు. ఫెనీస్ తన నమూనాలో 96 శాతం సరిగ్గా చెప్పగలిగానని రాశాడు. ఆ తర్వాత వేరే చేతుల్లో, వేరే ఎముకల మీద అంత రాని సందర్భాలూ ఉన్నాయి. నేర్చుకునే చేతికీ, పండిన చేతికీ ఆపాటి తేడా ఉంటుంది కదా.

చిక్కేమిటంటే ప్యూబిస్ పల్చటి ఎముక. మట్టిలో ముందుగా శిథిలమయ్యేదీ, కుక్కలు కొరికేదీ అదే. అది లేకపోతే వెనక్కి రండి. తుంటి వెనక అంచున కొడవలి వంపులాంటి పెద్ద గండి ఉంటుంది, గ్రేటర్ సయాటిక్ నాచ్ అంటారు. ఆ గండిలో బొటనవేలు పెట్టండి. అటూ ఇటూ కదిలించడానికి చోటుంటే ఆడ వైపు. వేలు బిగిసిపోతే మగ వైపు. పల్లెలో ఈ మాట చెప్పినప్పుడు ఒకావిడ "ఉంగరం కొలత చూసినట్టా" అని అడిగింది. అంతే అనుకోండి. అయితే మీ బొటనవేలు నా బొటనవేలు ఒకటి కాదు. కాబట్టి వేలు కదిలిందా లేదా అని కాక, వంపు ఆకారాన్ని అచ్చువేసిన బొమ్మలతో పోల్చి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. 1 బాగా వెడల్పు, 5 బాగా ఇరుకు. ఇందులో ఒక లోపం ఉంది. 1 పడితే ఆడమనిషి అని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు, 3 పడితే మాత్రం ఎటూ ఊగకండి.

అక్కడే ఉన్నారు కాబట్టి త్రికంతో అతుక్కునే గరుకు ముఖం ముందు ఒక కాలువలాంటి పల్లం ఉందేమో చూడండి. లోతుగా, స్పష్టంగా ఉంటే ఆడ వైపు మొగ్గు. ఈ పల్లాన్నీ, ప్యూబిస్ వెనక కనిపించే చిన్న గుంటల్నీ చూపించి "ఈమెకు ఇంతమంది పిల్లలు" అని పాతకాలంలో చెప్పేవాళ్ళు. అది నమ్మదగ్గది కాదని తర్వాత తేలింది. బిడ్డల్ని కనని ఆడవాళ్ళలోనూ అవి కనిపిస్తాయి. పరీక్షలో ఈ మాట చెప్పి ఇరుక్కోకండి.

దారం దేనికన్నారా? తొడ ఎముక తల కూర్చునే గుంట అడ్డం కొలత దారంతో తీసుకోండి. అదే దారాన్ని గుంట ముందు అంచు నుంచి ప్యూబిస్ కలయిక దాకా చాపండి. రెండూ ఇంచుమించు సమానమైతే మగ. దారం చాలకపోతే ఆడ. కాలిపర్ లేని చోట ఇంత చౌకైన పరీక్ష మరొకటి లేదు. ఎందుకు పని చేస్తుందో చూశారా? ఆడవాళ్ళలో ప్యూబిస్ పొడుగు, మగవాళ్ళలో కీలు గుంట పెద్దది. రెండు తేడాలూ ఒకే కొలతలో పడ్డాయి.

తుంటి ఎముక కింది భాగంలో ఉండే పెద్ద రంధ్రం మగవాళ్ళలో కోడిగుడ్డు ఆకారం, ఆడవాళ్ళలో త్రికోణం అని పుస్తకాలు రాస్తాయి. చూడండి, రాసుకోండి, దాని మీద ఇల్లు కట్టకండి. వలయం పై ద్వారం మగవాళ్ళలో రావి ఆకు ఆకారం, ఆడవాళ్ళలో గుండ్రం అన్నదీ అంతే. 1933లో కాల్డ్‌వెల్, మొలోయ్ అనే ఇద్దరు వైద్యులు ఆడవాళ్ళ కటి వలయాల్ని నాలుగు రకాలుగా విడదీశారు. అందులో ఒక రకం మగవాళ్ళ వలయాన్ని పోలి ఉంటుంది, దాని పేరే ఆండ్రాయిడ్. ఫోన్లో ఉండేది కాదు. ప్రసూతి వార్డులో పనిచేసే డాక్టర్లకు ఈ రకాలు బాగా తెలుసు, కష్టమైన కాన్పుల్లో ఎదురవుతాయి కాబట్టి.

అయిదో అడుగు: త్రికం

వెన్నెముక అడుగున అయిదు పూసలు కలిసిపోయి ఏర్పడిన ముక్క. పై అంచును ఎదురుగా పెట్టుకుంటే మధ్యలో పూస ముఖం, రెండు పక్కలా రెక్కలు కనిపిస్తాయి. మధ్య భాగం ఒక్కో రెక్క కంటే బాగా వెడల్పుగా ఉంటే మగ. మూడూ ఇంచుమించు సమానంగా ఉంటే, లేదా మధ్యదే చిన్నదైతే ఆడ. పక్కనుంచి చూస్తే మగవాళ్ళ త్రికం మొత్తం ఒకే వంపు. ఆడవాళ్ళది పైన కాస్త చదునుగా వచ్చి కింద మలుపు తిరుగుతుంది.

వెడల్పును వందతో గుణించి పొడవుతో భాగిస్తే వచ్చే సూచిక ఆడవాళ్ళలో సగటున 115 దగ్గర, మగవాళ్ళలో 105 దగ్గర. సగటు అన్న మాట మర్చిపోవద్దు.

ఆరో అడుగు: ఇప్పుడు పుర్రె

తుంటి గుర్తులు రాసిన కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టండి. పుర్రెను కొత్త మనిషిదనుకుని చూడండి.

చూడాల్సిన చోట్లు అయిదు. తల వెనక, మెడ కండరాలు పట్టుకునే గట్టు: నున్నగా ఉందా, కొక్కెంలా పొడుచుకొచ్చిందా? చెవి వెనక బొడిపె, అంటే మాస్టాయిడ్: దాని పొడవొక్కటే కాదు, మొత్తం లావు చూడండి. కంటి గుంట పై అంచు: బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుంటే విస్తరాకు అంచులా పల్చగా ఉంటే ఆడ, మంచం కోడు అంచులా మొద్దుగా ఉంటే మగ. కనుబొమల మధ్య: పక్కనుంచి చూస్తే నుదురు తిన్నగా దిగిందా, ముక్కు మొదట్లో మెట్టు కట్టిందా? చివరిది గడ్డం: కోసుగా చిన్నదా, చదరంగా పలకలు తేరిందా? ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా అంకె. 1 బాగా సున్నితం, 5 బాగా మోటు. ఈ పద్ధతి 1994లో బైక్‌స్ట్రా, ఉబెలాకర్ కూర్చిన ప్రమాణాలతో అందరికీ అలవాటైంది.

పుర్రెను బల్ల మీద పెడితే మాస్టాయిడ్ల మీద నిలబడితే మగ, లేకపోతే ఆడ అని ఒక చిట్కా హాస్టళ్ళలో తరం నుంచి తరానికి వస్తోంది. సరదాగా ఉంటుంది. నేను చేసి చూపిస్తాను కూడా. తీర్పుకు వాడను.

పూర్వం పుర్రెలో ఆవాలు పోసి లోపలి పరిమాణం కొలిచేవాళ్ళు. ఆడవాళ్ళలో సగటున తక్కువ వస్తుంది, ఎందుకంటే శరీరమే సగటున చిన్నది. ఆ ఆవాలతో తెలివిని కూడా కొలిచామనుకున్న పెద్దమనుషులు పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది ఉండేవాళ్ళు.

పుర్రెతో రెండు ప్రమాదాలు. మొదటిది వయసు. ఇరవై ఏళ్ళ కుర్రాడి పుర్రె నున్నగా ఆడపిల్లదిలా కనిపిస్తుంది. ముట్లుడిగిన తర్వాత ఆడవాళ్ళ పుర్రె మోటుదేరి మగవాళ్ళదిలా కనిపించొచ్చు. పళ్ళన్నీ రాలిన దవడ ఎముక కరిగి, దవడ మూల విచ్చుకుంటుంది. అప్పుడు గడ్డం చెప్పే సాక్ష్యం పనికిరాదు. రెండోది పని. కండరం ఎంత లాగితే అది పట్టుకునే చోట ఎముక అంత గరుకుదేరుతుంది. మన జిల్లాలో కట్టెల మోపు, నీళ్ళ బిందె, చెనిక్కాయ మూట నెత్తిన మోసిన అవ్వల్ని తలచుకోండి. చెరకు తోటల్లో మగవాళ్ళతో సమానంగా ఒళ్ళు వంచిన చేతుల్ని తలచుకోండి. ఎండ తగలని కుర్రాడి ఎముక పక్కన అలాంటి అవ్వ ఎముక పెడితే ఏది మోటుగా ఉంటుంది? తుంటి గండి మాత్రం బిందెలు మోసినంత మాత్రాన ఇరుకైపోదు. తుంటికి మొదటి పీట వేయడానికి ఇదే కారణం.

ఏడో అడుగు: పొడుగు ఎముకలు, కాలిపర్

ఇక్కడ చూసేది ఆకారం కాదు, పరిమాణం. అందులోనూ పొడవు కంటే కీళ్ళ దగ్గర లావు ఎక్కువ చెప్తుంది. తొడ ఎముక తలను నిలువుగా కాలిపర్‌లో పట్టండి. అమెరికాలో స్టీవర్ట్ 1979లో ఇచ్చిన లెక్క ప్రకారం 42.5 మి.మీ. లోపు ఆడ, 47.5 దాటితే మగ, 43.5 నుంచి 46.5 దాకా తేల్చలేం. దండచేయి ఎముక తలకు ఆయన లెక్క 43 లోపు ఆడ, 47 పైన మగ.

ఈ అంకెలు బట్టీ పట్టి మన ఎముకల మీద రుద్దకండి. అవి అమెరికా ఎముకల మీద కట్టిన హద్దులు. మన దగ్గర పొట్టిగా, సన్నగా ఉండే మగవాళ్ళు కొల్లలు. ఆ హద్దు పెడితే వాళ్ళు మధ్యలోనో, ఆడవాళ్ళ వైపో పడిపోతారు. భారతీయుల మీద చేసిన కొలతలు ఉంటే అవే వాడాలి. లేకపోతే రిపోర్టులో "ఈ హద్దు ఫలానా జనాభాది" అని రాయాలి. ఈ ఒక్క వాక్యం రాయనివాళ్ళే ఎక్కువ. కోర్టులో అవతలి వకీలు మొదట పట్టుకునేదీ అక్కడే.

ఎనిమిదో అడుగు: మిగిలినవి, క్లుప్తంగా

రొమ్ము ఎముకలో పైముక్క, నడిముక్క ఉంటాయి. నడిముక్క పైముక్కకు రెండింతలు దాటితే మగ వైపు, పైముక్క నడిముక్కలో సగానికి మించితే ఆడ వైపు అంటారు. మినహాయింపులు బోలెడు. మిగతావేవీ లేనప్పుడు చూడండి.

పక్కటెముకల గురించి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, మగవాళ్ళకు ఒకటి తక్కువ కదా అని. కాదు. ఇద్దరికీ పన్నెండు జతలే. శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్ 1543లోనే లెక్కపెట్టి చూపించాడు. ఎప్పుడైనా ఒకరికి మెడ దగ్గర అదనంగా ఒకటి ఉండొచ్చు, అది ఆడా మగా లెక్కకు సంబంధించింది కాదు.

తొమ్మిదో అడుగు: తీర్పు రాయడం

ఇప్పుడు కాగితాన్ని తిప్పండి. తుంటి ఏం చెప్పింది, త్రికం ఏం చెప్పింది, పుర్రె ఏం చెప్పింది. అయిదు గదులు గీసుకోండి: ఆడ, బహుశా ఆడ, తేల్చలేం, బహుశా మగ, మగ. అన్నీ ఒకటే అంటే సమస్య లేదు. తుంటి ఒకటి, పుర్రె ఒకటి అంటే తుంటి మాటే నెగ్గాలి, పుర్రె ఎందుకు ఎదురు చెప్పిందో ఒక వాక్యం రాయాలి. ఓట్లు లెక్కపెట్టినట్టు గుర్తుల్ని లెక్కపెట్టకండి. ప్యూబిస్ మీది ఒక్క గట్టు పుర్రె మీది మూడు గుర్తుల కంటే బరువైంది.

పాఠ్యపుస్తకాల్లో ఒక పట్టిక కనిపిస్తుంది: మొత్తం అస్థిపంజరం ఉంటే 100 శాతం, కటి ఒక్కటే ఉంటే 95, పుర్రె ఒక్కటే ఉంటే 90 పైచిలుకు, రెండూ ఉంటే 98, పొడుగు ఎముకలే ఉంటే 80. ఇది అమెరికా ఆంత్రోపాలజిస్టు క్రాగ్‌మన్ 1962లో రాసిన లెక్క. పిల్లలు దాన్ని వేదవాక్కులా అప్పజెప్తారు. ఆయన చూసిన 750 అస్థిపంజరాల సేకరణలో ఒక ఆడమనిషికి దాదాపు పదిహేను మంది మగవాళ్ళు. కళ్ళు మూసుకుని ప్రతిదానికీ "మగ" అన్నా తొంభైకి పైనే వచ్చేస్తాయి! ఈ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు కూడా. పట్టిక మాత్రం ఆ ఒప్పుకోలు లేకుండా తిరుగుతోంది. ఇంకో సంగతి. పాత తవ్వకాల ఎముకల లెక్కల్లో మగవాళ్ళు సుమారు 12 శాతం ఎక్కువగా నమోదయ్యారని కెన్నెత్ వీస్ 1972లో చూపించాడు. అనుమానం వస్తే "మగ" అనేయడం చేతికి అలవాటైపోయిందన్నమాట.

నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట మూట తెచ్చిన కానిస్టేబులు గుమ్మంలోనే, "ఆడమనిషి మిస్సింగ్ కేసు మేడమ్, ఆమెవే అయ్యుంటాయి" అన్నాడు. నేను సన్నటి పుర్రె చూశాను, నున్నటి నుదురు చూశాను, తల ఊపాను. తుంటి ముక్క మట్టి కడిగాక సాయంత్రం చేతికొచ్చింది. గండిలో బొటనవేలు కదల్లేదు. ప్యూబిస్ మీద గట్టు లేదు. రిపోర్టు ఇంకా సంతకం కాలేదు కాబట్టి బతికిపోయాను. కుర్రాడి ఎముకలవి. అప్పటి నుంచి మూట తెచ్చినవాళ్ళని ముందు టీ తాగి రమ్మంటాను, కథ తర్వాత వింటాను.

పాత సమాధులైతే

మన చిత్తూరు వైపు కొండవాలుల్లో, మదనపల్లె చుట్టుపక్కలా రాతిబండలు నిలబెట్టిన పాత సమాధులున్నాయి. జనం పాండవగుళ్ళు అంటారు. ఆంత్రోపాలజీ, పురావస్తు విద్యార్థులకు అవి తెలిసినవే. అలాంటి చోట దొరికిన ఎముకల పక్కన కత్తి ఉంటే మగ, పూసలు ఉంటే ఆడ అని రాసేయాలనిపిస్తుంది. రాయొద్దు. స్వీడన్‌లో బిర్కా అనే చోట 1878లో తవ్విన ఒక సమాధిలో ఆయుధాలు, గుర్రాలు ఉన్నాయి కాబట్టి అది వీరుడిదని వందేళ్ళకు పైగా చెప్పుకున్నారు. 2017లో డీఎన్‌ఏ చూస్తే ఆడమనిషి. దీనికి ఎదురు ఉదాహరణ వేల్స్‌లో ఉంది. 1823లో ఒక గుహలో ఎర్రమట్టి పులిమిన అస్థిపంజరం నగలతో దొరికింది. "ఎర్ర దొరసాని" అని పేరు పెట్టారు. అది యువకుడిది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పదో అడుగు: డీఎన్‌ఏ ఎప్పుడు?

పిల్లల ఎముకలైనా, తుంటి లేకపోయినా, అయిదు గదుల్లో నడిమి గదిలో పడినా డీఎన్‌ఏకు పంపడమే. పన్ను మంచి నమూనా, పింగాణీ లోపల భద్రంగా ఉంటుంది. మామూలుగా చూసేది అమెలోజెనిన్ అనే జన్యువు. ఎక్స్ క్రోమోజోమ్ మీది ప్రతి కాస్త పొట్టి, వై మీది ప్రతి కాస్త పొడుగు. రెండూ కనిపిస్తే మగ, పొట్టిదొక్కటే కనిపిస్తే ఆడ. యంత్రం చెప్పింది కాబట్టి తిరుగులేదనుకోవద్దు. 2002లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశోధకులు 270 మంది భారతీయ పురుషుల్ని పరీక్షిస్తే అయిదుగురిలో వై మీది ఆ ముక్క లేదు. వాళ్ళంతా మగవాళ్ళే, పరీక్ష ఒక్కటే చూస్తే ఆడవాళ్ళు. కాబట్టి వై క్రోమోజోమ్ మీద ఇంకో చోటు కూడా చూడమని అడగాలి. తుంటి "మగ" అని గట్టిగా చెప్తూ, అమెలోజెనిన్ "ఆడ" అంటే ఎముకల్ని తిట్టుకోకుండా ఆ పరీక్ష అడగండి.

దారిలో, చేలో ఎముకలు కనిపిస్తే

ఇది విద్యార్థులకు కాదు, అందరికీ. బోరు తవ్వుతుంటేనో, కొండకు నడిచేటప్పుడో మనిషి ఎముకల్లాంటివి కనిపిస్తే బొటనవేలి పరీక్ష మీరు చెయ్యొద్దు. కదపొద్దు, కడగొద్దు, ఇంటికి తేవొద్దు. ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టి పోలీసులకు చెప్పండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద వాళ్ళు శవ పంచాయతీ చేస్తారు. ఆ ఎముకలు ఏ మట్టిలో, ఏ తీరున పడి ఉన్నాయన్నది కూడా మాకు సాక్ష్యమే.

తిరిగి పెట్టెలో పెట్టడం

పని అయ్యాక బరువైనవి అడుగున, తొడ ఎముకలు, కాళ్ళవి. పుర్రె పక్కకు, ఇసుక మూట మీద, దవడ విడిగా గుడ్డలో. తుంటి ఎముకలు అన్నిటికంటే పైన. ప్యూబిస్ కొసకు దూది చుట్టి, ఆ కొస పెట్టె గోడకు తగలకుండా పెట్టండి. మా దగ్గర పదేళ్ళు పరీక్షల్లో నలిగిన ఒక తుంటికి ఆ కొస విరిగిపోయింది. ఇప్పుడు దాంట్లో మిగిలింది గండి ఒక్కటే. ఈసారి వచ్చిన బ్యాచ్‌కు దాన్నే ఇస్తున్నాను. పుర్రె పక్కన పెట్టి.